సాయంత్రం పూట నెట్టు పోయే ఇల్లు

మా రాయికల్‌లో ఒక ఇంటికి చూస్తుండగానే మూడు రకాల నెట్టు వచ్చింది. ముందు కేబుల్ టీవీ అతను ఇచ్చిన తీగ, తర్వాత సిమ్ వేసి నడిపే చిన్న డబ్బా, ఆఖరుకు ఫైబర్. మూడింటి గురించీ ఆ ఇంటామె ఒకటే మాట అనేది: "నెట్టు అస్తలేదు."

ఇంటర్‌నెట్ కంపెనీల మాటెత్తితే నాకూ ఒళ్లు మండుతుంది. కనెక్షన్ ఇచ్చేదాకా కొత్తల్లుడికి చేసినట్టు మర్యాదలు చేస్తారు. ఇచ్చాక ఫోన్ చేస్తే పాట వినిపిస్తారు. పాట అయిపోయాక ఇంకెవరో ఎత్తి, డబ్బా ఆపేసి మళ్లీ వేయమంటారు. ఆ మాట చెప్పడానికి జీతమెందుకో నాకర్థం కాదు. అయినా ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ ఇంట్లో ఆఖరుసారి నెట్టు పోయినప్పుడు తప్పు కంపెనీది కాదు, తీగది కాదు, డబ్బాది కాదు. తప్పెవరిదో ఆ ఇంటాయన దావీదు స్వయంగా నాకు చెప్పాడు. చెప్పినంతసేపూ నా ముఖం చూడలేదు. నా చెప్పుల వైపు చూస్తూ చెప్పాడు.

దావీదు వాళ్లకు భూమి లేదు. వాళ్ల తాత కాలం నుంచి ఊళ్లోవాళ్ల పొలాల్లో పనిచేసి బతికిన కుటుంబం. తండ్రి బాప్తిస్మం తీసుకున్నాక ఆదివారం ఆదివారం ప్రార్థనా మందిరానికి పోవడం అలవాటైంది. దావీదుకు చదువు అబ్బలేదు కానీ చేతిపని అబ్బింది. మోటారు కాలినా, రేడియో మూగబోయినా విప్పి చూసేవాడు. సగం బాగయ్యేవి, సగం విప్పినవి విప్పినట్టే ఉండేవి. కోరుట్ల వైపు నుంచి శ్రీలతను చేసుకున్నాడు. ఆమె బీడీలు చుట్టేది. ఆమె చుట్టే వేగం చూసి బీడీలకు ఆకు ఇచ్చే సెంటర్ వాళ్లు కూడా ఆమెకు తక్కువ తూచేవాళ్లు కాదని మా వాడకట్టులో చెప్పుకునేవాళ్లు.

మా వైపు మగవాళ్లందరూ పోయే దారినే దావీదూ పోయాడు. కోరుట్లలో ఒక ఏజెంటు ఆఫీసులో కూర్చునే పని అని చెప్పి దుబాయి పంపాడు. తీరా పోయాక ఎత్తైన బిల్డింగుల్లో నెట్టు తీగలు లాగే పని. దావీదు ఏమీ బాధపడలేదు. వెంట్రుకంత సన్నని గాజు తీగను కోసి, ఇంకో తీగకు అతికించి, వెలుగు కారకుండా చేయడం నేర్చుకున్నాడు. నచ్చిన పని దొరికిందని ఇంటికి ఫోన్ చేసి సంబరపడ్డాడు. ఆ సంబరం ఎక్కువ రోజులు లేదు. తెచ్చిన కంపెనీ చేతులెత్తేసింది. జీతాలు ఆగిపోయాయి, క్యాంపులో తిండి ఆగిపోయింది, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. చివరికి ఎంబసీ వాళ్లు ఇచ్చిన ఔట్‌పాస్ కాగితం పట్టుకుని, చేతిలో ఒక్క సంచితో హైదరాబాదులో దిగాడు.

గల్ఫ్ నుంచి మనిషి రావడమంటే మా దగ్గర ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఎయిర్‌పోర్టుకు జీపు పోతుంది. జీపులో బావలూ బామ్మర్దులూ ఎక్కుతారు. అట్టపెట్టెలకు తాడు కట్టి పైన పేరు పెద్దగా రాసుకొస్తాడు. దుప్పట్లు, సెంటు, పౌడరు డబ్బాలు, వాడకట్టు పిల్లలందరికీ చాక్లెట్లు. ఆ సాయంత్రం ఇంటి ముందు కూర్చున్నవాళ్ల చేతికి సీసా రావాలి. ఇవేవీ లేకుండా వచ్చినవాణ్ని ఎవరూ ఏమీ అనరు. అనకపోవడమే పెద్ద అవమానం. దావీదు జూబ్లీ బస్టాండులో నిలబడ్డాడు. జగిత్యాల బస్సు, సిరిసిల్ల బస్సు పక్కపక్కనే ఉన్నాయి. రాయికల్ పోవాలంటే జగిత్యాల బస్సెక్కాలి. దావీదు సిరిసిల్ల బస్సెక్కాడు. అక్కడ తనను ఎరిగినవాళ్లు లేరు, అదొక్కటే కారణం.

నాలుగు డబ్బులు కూడబెట్టుకుని, పెట్టెలు కొనుక్కుని, అప్పుడే దుబాయి నుంచి దిగినట్టు ఇంటికి పోవచ్చనుకున్నాడు. ఒక నెల అనుకున్నది ఎప్పటికీ తెగలేదు. సిగ్గు పాత బాకీలాంటిది, ముట్టజెప్పని ప్రతి రోజూ పెరుగుతూనే ఉంటుంది.

సిరిసిల్ల పక్కనే తంగళ్ళపల్లిలో మగ్గాల షెడ్ల మధ్య ఒక గది తీసుకున్నాడు. సిరిసిల్లలో మానేరు ఫైబర్ అని ఒక చిన్న నెట్టు కంపెనీ ఉంది. దావీదు చేతిలో తీగ అతుకు చూసి వాళ్లు ఆ రోజే పనిలో పెట్టుకున్నారు. అక్కడ అతనికి జోడీగా దొరికింది యాదగిరి. యాభై దాటిన గౌడు, ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. తాళ్లు పోయాక స్తంభాలెక్కుతున్నాడు. ఇద్దరూ కలిసి చేసే పద్ధతి ఒకటుంది. ఒకరు స్తంభం దగ్గర తీగ పట్టుకుంటే, ఇంకొకరు ఇంట్లో డబ్బా ముందు నిలబడి లైట్లు చూసి ఫోన్లో చెప్పాలి. పని అయ్యేదాకా ఫోన్ కట్ చేయకూడదు.

మొదటి నెల దావీదు ఇంటికి ఫోనే చేయలేదు. ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత తన దుబాయి నంబరుతో ఉన్న యాప్ ఇక్కడా పనిచేస్తోందని గమనించి, దాంట్లో కాల్ చేశాడు. పాత ఫోన్ పోయిందన్నాడు, కొత్త కంపెనీలో పడ్డానన్నాడు. శ్రీలత ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. ఆడవాళ్లు ఏడుస్తారు కదా అనుకుని దావీదు ఆ ఏడుపు గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఆ తర్వాత అబద్ధం నడపడం కూడా ఒక పనయింది. రాయికల్‌లో చీకటి పడితే దుబాయిలో ఇంకా పొద్దు ఉండాలి, అది గుర్తుపెట్టుకుని మాట్లాడాలి. వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తే "కంపెనీ మిషన్లు" అనాలి. శ్రీలత వీడియో పెట్టమంటే, "ఇక్కడ నెట్టు స్లో ఉన్నది" అనాలి. అట్లా ఆ ఇంట్లో నెట్టు మీద మొదట నింద వేసింది దావీదే.

నింద వేసినా, నెట్టు బాగుచేయకుండా ఉండలేకపోయేవాడు. రాయికల్ ఇంట్లో కేబుల్ అతను ఇచ్చిన నెట్టు నిజంగానే నాసిరకం. దావీదు సిరిసిల్లలో ఏదో ఒక గోడ పక్కన కూర్చుని భార్యకు చెప్పేవాడు.

"డబ్బ మీద ఏమేం లైట్లున్నయి?"

"పచ్చయి రెండు. ఒకటి ఎర్రగ కొట్టుకుంటాంది."

"ఎర్రది కొట్టుకుంటే తీగల లోపమే. డబ్బ ఎనుకకు తిప్పు. పసుపు రంగు తీగ ఉన్నదా? గది మడతవడ్డదా సూడు."

"మడతవడ్డది. మీద బియ్యం సంచి పెట్టిన."

"సంచి తియ్యవే. నెట్టు తీగ మీద బియ్యం సంచి పెడ్తరా."

సంచి తీయగానే నెట్టు వచ్చేది. శ్రీలతకు ఎంత గర్వమో చెప్పలేను. "మా ఇంటాయన దుబాయిల కూసుండి మా డబ్బ బాగుచేస్తడు" అని వాడకట్టంతా చెప్పింది. పక్కింటి ముత్తమ్మ, కొడుకు మస్కట్‌లో ఉన్న ముసలామె, తన ఇంట్లో నెట్టు పోయినా దావీదునే అడిగించేది. అట్లా దావీదు దుబాయి నుంచి మా వాడకట్టుకు సర్వీసు చేసే మనిషయ్యాడు. ఏ కంపెనీ మంచిది అన్నా అతన్నే అడగాలి. కేబుల్ అతని నెట్టు అగ్గువ, కానీ సాయంత్రం అందరూ వాడితే ఎవరికీ రాదనేవాడు. సిమ్ డబ్బా ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, కానీ టవరు దూరం, వానొస్తే కష్టమనేవాడు. ఇంటికి ఏది పెట్టమంటే అది పెట్టాల్సిందే అన్నట్టు ఉండేది అతని మాట.

కాలం ఇట్లా గడుస్తుండగా మానేరు ఫైబర్ కోరుట్లలో ఆఫీసు పెట్టి, జగిత్యాల దాకా తీగలు లాగి, రాయికల్‌కు కూడా వచ్చింది. దావీదు గుండెలో రాయి పడింది. ఆ కంపెనీ తన ఇంటికి వస్తే తన తోటివాళ్లు తన ఇంట్లో అడుగుపెడతారు.

"మానేరుది అందరు మంచిగున్నదంటున్రు, పెట్టించాల్నా?" అని శ్రీలత అడిగింది.

"గది దొంగ కంపెనీ. నీకేం తెల్వదు. వద్దు" అన్నాడు దావీదు.

అన్నం పెట్టే కంపెనీని అట్లా తిట్టినందుకు ఆ పూట అన్నం సహించలేదని నాతో అన్నాడు. కానీ శ్రీలత ఆ ఒక్కసారి భర్త మాట వినలేదు. ముత్తమ్మ ఇంట్లో మానేరు బాగా వస్తోందని చూసి తనూ పెట్టించుకుంది. అదృష్టం బాగుండి కోరుట్ల వాళ్లు వచ్చి బిగించి పోయారు.

దావీదు ముందు భయపడ్డాడు, తర్వాత అతనికి అదొక ఓదార్పు అయింది. ఆఫీసు కంప్యూటర్‌లో ప్రతి ఇంటి డబ్బా ఒక చుక్కలాగా కనబడుతుంది. నడుస్తుంటే పచ్చ, ఆగితే ఎరుపు. పొద్దున ఆఫీసుకు రాగానే దావీదు ముందు తన ఇంటి చుక్క చూసుకునేవాడు. పచ్చగా ఉంటే ఇంట్లో అందరూ లేచి తిరుగుతున్నట్టే అనిపించేది. రెండు గంటలు ప్రయాణం చేస్తే చేరే ఇంటిని ఆ మనిషి చుక్కలో చూసుకున్నాడంటే నాకు కోపం వస్తుంది, జాలీ వేస్తుంది.

ఆ చలికాలం ధైర్యం తెచ్చుకుని వీడియో కూడా మొదలుపెట్టాడు. ఆఫీసులో మిషన్లుండే గది ఉంది. ఏసీ, గాజు తలుపు, మిణుకు మిణుకుమనే లైట్లు. దాని ముందు పాత దుబాయి కంపెనీ చొక్కా తొడుక్కుని నిలబడితే ఎవరైనా నమ్ముతారు. శ్రీలత నమ్మింది. జడ ముందుకు వేసుకుని, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని మాట్లాడేది. రెండుమూడుసార్లు అట్లా సంతోషంగా గడిచింది.

శివరాత్రి పోయిన తర్వాత ఒకసారి వీడియోలో ఆమె తల మీద కొంగు కప్పుకుని కనిపించింది.

"ఏందే, ఇంట్ల ఉన్నవా, ప్రార్థనల ఉన్నవా? కొంగు తియ్యి" అన్నాడు దావీదు నవ్వుతూ.

కాల్ కట్ అయింది. మర్నాడు మామూలుగా మాట్లాడింది, వీడియో అనగానే మళ్లీ కట్ అయింది. ఆ తర్వాత ప్రతి సాయంత్రం అదే తంతు.

"నెట్టు అస్తలేదు. ఎర్ర లైటు పడ్డది."

"మొన్నటిదాక మంచిగుండె గదా."

"ఏమో, నాకేం ఎరుక. నువ్వే వద్దంటివి గా కంపెనీని."

దావీదు ఆఫీసులో కూర్చుని కంప్యూటర్‌లో ఆ ఇంటి లెక్క తీశాడు. తీగ తెగితే కంప్యూటర్ ఒక రకంగా చూపిస్తుంది, కరెంటు పోతే ఇంకో రకంగా చూపిస్తుంది. ఆరిపోయే ముందు డబ్బా తనకు కరెంటు అందడం లేదని ఒక కబురు పంపి మరీ ఆరిపోతుంది. తీగ తెగినప్పుడు ఆ కబురు రాదు. దావీదు ఇంటి డబ్బా సాయంత్రమైతే ఆ కబురు పంపి ఆగుతోంది, కాసేపటికి మళ్లీ పచ్చబడుతోంది. అదే స్తంభం మీదున్న ముత్తమ్మ డబ్బా మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది. అంటే ఊళ్లో కరెంటు ఉంది. తన భార్యే చేత్తో స్విచ్చి ఆపి, తన కాల్ తెగ్గొట్టి, తర్వాత మళ్లీ వేస్తోంది.

ఇక్కడ దావీదు మనసు ఎటు పోయిందో రాయడానికి నాకు కూడా సిగ్గుగా ఉంది. గల్ఫ్ క్యాంపుల్లో మగవాళ్లు ఊళ్లో వదిలి వచ్చిన భార్యల గురించి కొన్ని కథలు చెప్పుకుంటారు. ఫలానావాడి భార్య ఇట్లా, ఫలానావాడి భార్య అట్లా అని. చెప్పేవాడు నవ్వుతాడు, వినేవాడు నవ్వుతాడు, లోపల మాత్రం ఎవడి ఇల్లు వాడికి కనబడుతుంది. దావీదు కూడా ఆ కథలకు నవ్వినవాడే. తనతో మాట తెంపుకుని మళ్లీ నెట్టు వేసుకుంటోందంటే ఎవరి కోసం వేసుకుంటోంది అనుకున్నాడు. ఏడాదిగా అబద్ధం మీద బతుకుతున్న మనిషికి ఎదుటివాళ్ల నిజం నమ్మబుద్ధి కాలేదు. తను చేసే పనే అందరూ చేస్తారనుకున్నాడు.

కంప్యూటర్‌లో ఆ ఇంటి పేరు మీద తనే ఒక కంప్లేంటు వేశాడు. కోరుట్ల వాళ్లు పని మీద ఉన్నారని మేనేజర్‌తో చెప్పి, యాదగిరిని వెంటబెట్టుకుని బండి మీద రాయికల్ బయలుదేరాడు. ఎండాకాలం మధ్యాహ్నం. తలకు హెల్మెట్, ముఖానికి రుమాలు. ఎండకు అందరూ కట్టుకున్నట్టే కట్టుకున్నాడు.

వాడకట్టు మలుపులో ఉన్న స్తంభం దగ్గర బండి ఆపాడు. అక్కణ్నుంచి చూస్తే తన ఇంటి రేకులు కనబడతాయి.

"యాదన్నా, నువ్వు లోపటికి పోయి లైట్లు సూడు. నేను ఇక్కడ తీగ వట్టుకుంట. ఫోను కట్ చెయ్యకు" అన్నాడు. కొంచెం ఆగి, "డబ్బ ఎందుకు బందు చేస్తున్నదో గూడ అడుగు. ఇంట్ల ఇంకెవలన్న ఉన్నరా జర సూడు" అన్నాడు.

యాదగిరి అతని వైపు వింతగా చూశాడు. "గదంత మనకెందుకు తమ్మీ?" అంటూనే సంచి భుజాన వేసుకుని పోయాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. దావీదు హెల్మెట్ తీయకుండా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

తన ఇంటి తలుపు చప్పుడు ముందు వినబడింది. తర్వాత శ్రీలత గొంతు.

"ఎవలు?"

"మానేరు నెట్టోల్లం బిడ్డా. నీ పేరు మీద కంప్లేంటు అచ్చింది."

"నేనేం కంప్లేంటు ఇయ్యలే కాకా. లోపటికి రా, ఎండల నిలవడ్డవు. మంచినీళ్లు తాగుతవా?"

గ్లాసు చప్పుడు వినబడింది. యాదగిరి నీళ్లు తాగి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "లైట్లన్ని పచ్చగనే ఉన్నయి తమ్మీ. ఇంట్ల ఈ బిడ్డ, బీడీల చాట తప్ప ఏం లేవు" అన్నాడు. మళ్లీ జేబులో వేసుకుని ఆమెతో మాట్లాడాడు.

"బిడ్డా, తీగ మంచిగున్నది, డబ్బ మంచిగున్నది. పొద్దుగూకంగ స్విచ్చి నువ్వే బందు చేస్తున్నవు. మా ఆఫీసుల కనవడతది."

చాట కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"గది కనవడతదా కాకా? దుబాయిల ఉన్నోల్లకు గూడ కనవడతదా?"

"వాల్లకెట్ల కనవడతది? మా ఆఫీసోల్లకే."

"మా ఇంటాయనకు గిసొంటియన్ని ఎరుకే. అక్కడ గిదే పని చేస్తడు. ఆయనకు తెల్వద్దు కాకా. నీ కాల్మొక్త, నెట్టు ఖరాబున్నదనే రాసుకో."

స్తంభం దగ్గర దావీదు ఇది విన్నాడు. తను అనుకున్నదే నిజమైందనుకున్నాడు. ఒక అడుగు ఇంటి వైపు కూడా వేశాడు. అప్పుడు శ్రీలత చెప్పడం మొదలుపెట్టింది.

"నిరుడు ఎండకాలం నెల దాక ఆయన ఫోను రాలే. గప్పుడే కోరుట్ల దిక్కు ఒకలది పెట్టె దిగింది, దుబాయికెల్లి. శవం గుర్తువట్టరాలేదంట. వాడకట్టోల్లందరు నన్ను చూసి సప్పుడు చెయ్యక పోయేటోల్లు. మందిరంల ప్రార్థన చేసిన, ఉపాసమున్న. మనసు ఆగలే కాకా. ఏములాడ రాజన్నకు మొక్కుకున్న. ఆయన గొంతు ఇనవడితె ఎంటికెలిస్త అని. ఇనవడ్డది. మొన్న శివరాత్రికి ముత్తమ్మత్తోల్లతోని గుడికి పోయి గుండిచ్చి అచ్చిన. గిగో, గింతే పెరిగినయి."

"మంచి పనే గద బిడ్డా. దాపెట్టుడెందుకు?"

"మీకు మంచిదే. మేము మందిరానికి పోయేటోల్లం. పాస్టరయ్యకు చెప్పలే. ఆయనకు చెప్పుతానికి మొకం చెల్లుతలేదు. ఆయనక్కడ ఏ తిప్పల పడుతున్నడో. ఏడికెల్లి ఏడికి పోయిందో నా పెండ్లం అని మనసు ఖరాబు చేసుకుంటడు. జర పెరగనీ, గప్పుడు వీడియో పెడ్త. గందాక డబ్బ బందు చేస్తున్న. ఆయన అడుగుతాంటే ఏం చెప్పాల్నో తెల్వక ఏడుపస్తది. బందు చేసి, ఏడ్సి, మల్ల ఏస్త. మల్ల చేస్తడేమోనని."

దావీదు స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఎండకు ఇనుము కాలుతోంది. చేయి తీయాలని కూడా తోచలేదట.

ఫోన్లో యాదగిరి గొంతు మారింది. "బిడ్డా, గీ ఫొటోల నీ పక్కన ఉన్నది ఎవలు?"

"గాయినే కాకా, మా ఇంటాయన. మా పెండ్లి ఫొటో."

యాదగిరి ఫోన్ కట్ చేశాడు.

పని అయ్యేదాకా ఫోన్ కట్ చేయకూడదన్న పద్ధతిని ఆ మనిషి అన్నాళ్లలో తప్పింది అదొక్కసారే. బయటికి వచ్చి, స్తంభం దగ్గరికి నిదానంగా నడిచి వచ్చాడు. అరవలేదు. బండి తాళం చెవి కోసం చేయి చాపాడు.

"తాళ్లెక్కినన్నాల్లు ఎక్కిన. మోకు తెగి పదిమంది ముందర కిందవడ్డ. గప్పుడు గూడ గింత సిగ్గు కాలేదు దావీదూ. నన్ను తండ్రసొంటోడనుకుని గా పిల్ల చెప్పుకున్నది. నా జేబుల కూసుండి నువ్వింటివి."

"అన్నా..."

"నాకేం చెప్పకు. నేను బస్టాండు కాడుంట. నువ్వు లోపటికి పోతవో, నాతోని మల్ల సిరిసిల్లకస్తవో నీ ఇష్టం."

బండి పోయింది. దావీదు హెల్మెట్ తీశాడు, రుమాలు విప్పాడు. తన వాడకట్టులో ముఖం కనబడేట్టు నిలబడి ఎన్నాళ్లయిందో. అరుగు మీద బీడీలు చుడుతున్న ముత్తమ్మ చేయి అడ్డం పెట్టుకుని చూసింది.

"దావీదు కాదుర? ఎప్పుడచ్చినవ్ బిడ్డా?"

గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ని మా దగ్గర ముందు అడిగే మాట అదే. రెండో మాట, మళ్లీ ఎప్పుడు పోతావని. పెట్టెల వైపు చూస్తూ అడుగుతారు. ముత్తమ్మ కూడా అతని వెనక పెట్టెలున్నాయేమోనని మలుపు దాకా చూసింది.

"ఇప్పుడే అత్తా" అన్నాడు దావీదు.

అనగానే తన నోటి మీద తనకే అసహ్యం వేసిందట. అక్కడ కూడా అబద్ధమే ముందు వచ్చింది.

ముత్తమ్మ గొంతు విని శ్రీలత తలుపు దగ్గరికి వచ్చింది. పరుగున వచ్చిందేమో, కొంగు జారిపోయి ఉంది. తల మీద బడి పిల్లలకు కత్తిరించినంత జుట్టు. అతన్ని చూసి నోరు తెరిచింది. రెండు అడుగులు దిగింది. అంతలో ఆమె చూపు అతని చొక్కా మీద పడింది. ఇంతకుముందు తన ఇంట్లో నీళ్లు తాగి పోయిన పెద్దమనిషి తొడుక్కున్నది అదే చొక్కా, జేబు మీద అదే కంపెనీ పేరు. నడుముకు తీగలు కోసే కత్తెర వేలాడుతోంది. చెప్పుల నిండా మన ఎర్రమట్టి దుమ్ము.

ఆమె సంతోషం ముఖం మీద ఉన్నదున్నట్టే ఆగిపోవడం తను చూశానని దావీదు చెప్పాడు. చూడకుండా ఉంటే బాగుండేదన్నాడు.

"ఎప్పుడచ్చినవ్?" అంది.

దావీదు ఈసారి తల వంచుకున్నాడు.

"నిరుడు. ఎండకాలంల."

"యాడున్నవ్?"

"సిరిసిల్లల."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. మనసులో ఏదో ఒకదానితో ఒకటి సరిచూసుకుంటున్నట్టు నిలబడింది.

"శివరాత్రినాడు గూడ ఆడనే ఉన్నవా?"

"ఆ."

"నువ్వు మంచిగ రావాల్నని నేను ఏములాడల గుండు గీయించుకుంటాంటె, నువ్వు దాని పక్కూర్లనే ఉన్నవన్నట్టు."

అని, తల మీద కొంగు కప్పుకుని, అతను లోపలికి రావడానికి పక్కకు జరిగింది. తిట్టి తలుపు వేసి ఉంటే సిరిసిల్లకు పోయేవాణ్నేనని దావీదు నాతో అన్నాడు. ఆమె జరిగి దారి ఇచ్చాక అతనికి కాలు లేవలేదు. ముత్తమ్మ చూస్తుండగా, దారిన పోయేవాళ్లు ఆగి చూస్తుండగా, తన ఇంటి ముందు తను అట్లాగే ఎండలో నిలబడిపోయాడు.